తుప్పు పట్టనివ్వదన్న నూనె సీసా: మామిడి తోటలోనూ, లేత్ షాపులోనూ వాడి చూశాక

అక్టోబరు మొదటి వారంలో తిరుపతి గాంధీ రోడ్డులో మూలికలు, తైలాలు అమ్మే కొట్టులో ఈ సీసా కొన్నాను. 100 మిల్లీలీటర్లు, ధర రూ. 420. గోధుమరంగు గాజు సీసా, మూతకే అమర్చిన డ్రాపర్. చుట్టూ అంటించిన కాగితం మీద ఇలా ఉంది: ఇనుము, ఉక్కు పనిముట్లకు సహజ రక్షణ. నీలగిరి, నిమ్మగడ్డి, లవంగ తైలాల మిశ్రమం. తుప్పును తొలగిస్తుంది, ఏడాదిపాటు మళ్ళీ రానివ్వదు. రసాయనాలు లేవు.

తయారుచేసినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. చిన్న యూనిట్, ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న పిల్లలు. చెప్పాల్సింది సీసా మీదున్న నంబరుకు ఫోన్ చేసి చెప్పాను, వాళ్ళు విన్నారు కూడా. ఇలాంటి సీసా ఏ పేరుతో మీ చేతికొచ్చినా దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలియాలనే ఇది రాస్తున్నాను. 31 ఏళ్ళు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. అందుకే తూచి చూడకుండా మాట్లాడలేను.

దామలచెరువు దగ్గర మా నాన్న పెంచిన మూడెకరాల మామిడి తోట ఉంది. తోతాపురి ఎక్కువ, బేనీషా కొంచెం, గట్టు వెంబడి నాలుగు నీలం చెట్లు. మామిడి సొన చేతికే కాదు, ఇనుముకూ పడదు. అందులో ఆమ్లగుణం ఉంది. కొమ్మ కొట్టిన మచ్చుకత్తిని తుడవకుండా పెడితే రెండో రోజుకు అంచు నల్లబడి, మూడో రోజుకు ఎర్రపొడి లేస్తుంది. మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ మూడు నెలలు షెడ్డులో గోడలే చెమ్మగిల్లుతాయి, ఇక కత్తుల సంగతి చెప్పేదేముంది.

తోట చూసుకునే పెద్దాయన ఇన్నేళ్ళుగా లారీ మెకానిక్ దగ్గర తెచ్చిన పాత ఇంజన్ ఆయిల్ పూస్తున్నాడు. తుప్పు రాదు, నిజమే. కానీ అదే కత్తితో పిల్లలు కాయ కోసుకుని తింటారు. ఎండాకాలంలో అదే షెడ్డులో ఉండే కత్తిపీట మీద ఊరగాయ ముక్కలు కొడతాం. ఇంజన్‌లో కాలి అరిగి వచ్చిన ఆ నల్లటి నూనెలో లోహపు అరుగుదల, కాలిన పదార్థాలు అన్నీ ఉంటాయి. "అన్నా, దీన్ని మానేద్దాం" అని ఎన్నిసార్లు అన్నానో. "మరి దేంతో తుడవమంటావమ్మా?" అని ఆయన అడిగిన ప్రతిసారీ నా దగ్గర జవాబు లేదు. గాంధీ రోడ్డులో ఈ సీసా కనిపించగానే బేరమాడకుండా కొన్నది అందుకే.

మూత తీస్తే షెడ్డంతా జలుబు మందు వాసన. బట్టమీద నాలుగు చుక్కలేసి పాత కొడవలిని రుద్దాను. బట్టకు ఎర్రపొడి అంటింది. దాన్ని చూసి తుప్పు వదిలిందనుకుంటే పొరపాటే, ఒట్టి బట్టతో రుద్దినా ఆ పొడి రాలుతుంది. గట్టిగా పట్టిన తుప్పు ఇసుమంత కదల్లేదు. తుప్పంటే నీరు చేరిన ఐరన్ ఆక్సైడ్. సుగంధ తైలం దాన్ని కరిగించదు. దాన్ని తీసేది గీకుడు, లేదంటే ఆమ్లం. మా అమ్మ కత్తిపీటకు నానబెట్టిన చింతపండు పట్టించి, గంటాగి కొబ్బరి పీచుతో తోమేది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చేసే పని అది. కొడవలికి నేనూ అదే చేశాను, వదిలింది. కాబట్టి సీసా మీది మొదటి మాటను కొట్టేయండి.

ఇక రెండో మాట, ఏడాది రక్షణ. దీన్ని నమ్మకంతో కాకుండా కళ్ళతో చూడాలనుకున్నాను. రేణిగుంట రోడ్డులో లేత్ షాపు నడిపే అబ్బాయి ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివాడు. వాడిచేత ఒకే ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) రేకులోంచి ముక్కలు కోయించాను. 5 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం, ఒక మూల చిన్న బెజ్జం. అన్నిటినీ ఎమరీ కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచాను. ఇక్కడ వేలిముద్ర పడినా లెక్క తప్పుతుంది. చేతి చెమటలో ఉప్పుంటుంది, ఆ ముద్ర పడ్డచోటే మొదట తుప్పు లేస్తుంది.

నవంబరు మొదట్లో నాలుగు ముక్కలను తోట షెడ్డులో నైలాన్ దారంతో వేలాడదీశాను. ఒకటి ఒట్టిది. ఒకదానికి ఈ సీసాలోని నూనె. ఒకదానికి కుట్టుమిషన్ నూనె. నాలుగోదానికి నేనే కలిపింది: ఆముదం 100 మిల్లీలీటర్లలో లవంగ నూనె 2 మిల్లీలీటర్లు. వాన పడుతూనే ఉంది.

ఒట్టి ముక్క రెండో రోజు ఉదయానికే మచ్చలు తేలింది. సీసా నూనె పూసింది నాలుగు రోజులు కొత్తదానిలా ఉంది, చూసి నేనూ సంతోషపడ్డాను. అయిదో రోజు ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు. ఆరో రోజు కింది అంచున మొదటి మచ్చ, పదో రోజుకు సగం ఎరుపు. కుట్టుమిషన్ నూనె పూసింది మూడు వారాలు ఆగింది. ఆముదం, లవంగం పూసిన ముక్కకు డిసెంబరు చివర బెజ్జం చుట్టూ, దారం రాసుకునేచోట మాత్రమే కొంచెం పట్టింది. మిగతాదంతా శుభ్రం.

దీనికి కారణం సీసా మీద రాసిన పేర్లలోనే ఉంది. ఇవి ఎగిరిపోయే తైలాలు. ఎగిరిపోతాయి కాబట్టే వాసనొస్తాయి. నీలగిరి తైలంలో ఎక్కువ భాగం సినియోల్, అది 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. లవంగ నూనెలో నూటికి 70 పాళ్ళకు పైగా ఉండే యూజెనాల్ 254 డిగ్రీలకు గానీ మరగదు. మరుగు స్థానం తక్కువున్నది మామూలు గాలికి కూడా త్వరగా ఆరిపోతుంది. పల్చగా పూసిన పొరకు అడ్డమేముంది, వారంలో గాలిలో కలిసిపోతుంది. వాసన పోయిన రోజే కాపలా పోయినట్టు. ఇలాంటి తైలంతో ఏడాది రక్షణ అని రాయడం తప్పు. కొనుక్కున్న రైతు దీన్ని పూసి, నిశ్చింతగా వానాకాలమంతా కత్తి పక్కన పెట్టేస్తాడు. తీసి చూసేసరికి గుంటలు పడి ఉంటాయి. నాకు బాధ కలిగింది ఇక్కడే.

పదో తరగతిలో మూడు పరీక్షనాళికల ప్రయోగం గుర్తుందా? మేకులు వేసి, ఒకదాంట్లో నీరు, గాలి రెండూ, ఒకదాంట్లో మరిగించిన నీటి మీద నూనె, ఒకదాంట్లో తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ ఉంచుతాం. నీరు, ఆక్సిజన్ రెండూ అందిన మేకుకే తుప్పు. రెండో నాళికలో నూనె చేసిన పని గాలికి అడ్డంగా కూర్చోవడమే. ఆముదం కూడా అంతే, చిక్కగా అంటుకుని కదలదు. అందులో కలిపిన లవంగ నూనె ఇంకో మెట్టు ముందుకెళ్ళి లోహాన్నే పట్టుకుంటుంది. జపాన్‌లో పాతకాలం నుంచి ఖడ్గాలకు లవంగ వాసన నూనె పూసే అలవాటుంది. వాళ్ళు కూడా ఒట్టి లవంగ నూనె పూయరు, నిలిచే నూనెలో కొద్దిగా కలుపుతారు.

వేరుశనగ నూనె వద్దా అని పెద్దాయన అడిగాడు. వద్దు. నిల్వ ఉంటే జిగురుగా గట్టిపడుతుంది, కారువాసన వచ్చాక అందులో విడిపడే కొవ్వు ఆమ్లాలు ఇనుమునే తినడం మొదలుపెడతాయి. కొబ్బరినూనె చలిరాత్రుల్లో గడ్డకడుతుంది. ఆముదమే మేలు, ఊళ్ళో ఎక్కడైనా దొరుకుతుంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ సీసాకు ఒక్క మార్కుకు మించి ఇచ్చేదాన్ని కాదు. కానీ కెమిస్ట్రీ పుస్తకాల్లో ఈ తైలాలకు ఉన్న పేరు వేరే పనికి. అదేమిటో లేత్ షాపులో తేలింది.

ఆ అబ్బాయి గేట్లు, గ్రిల్సూ చేస్తాడు. పాత ఇనుము వస్తే రంగు వేసేముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్ తొట్టిలో ముంచి తుప్పు తీస్తాడు. యాసిడ్‌కు తుప్పేదో, మంచి ఇనుమేదో తేడా తెలియదు. తుప్పు కరిగాక ఆగదు, కిందున్న లోహాన్నీ తింటుంది, బుసబుసమని హైడ్రోజన్ బుడగలొస్తాయి. "పావుగంట ఏమారితే కడ్డీ సన్నబడిపోతుంది మేడం, యాసిడ్ కూడా ఊరికే అయిపోతుంది" అని వాడి దిగులు. తుప్పును తిననిచ్చి ఇనుమును మాత్రం వదిలేలా చేసే పదార్థాన్నే నిరోధకం అంటారు. పరిశ్రమల్లో హెక్సమిన్ లాంటివి యాసిడ్‌లో కలుపుతారు. వేరే చోట్ల, నీటి గొట్టాలకూ రంగులకూ చాలాకాలం వాడిన క్రోమేట్లు (క్రోమియం లవణాలు) క్యాన్సర్ తెచ్చేవని తేలాక వాటికి బదులు వెతుకులాట పెరిగింది. మొక్కల సారాలు, సుగంధ తైలాల మీద ప్రపంచమంతా పరిశోధనలు జరగడానికి అదొక ముఖ్య కారణం.

ఇవి పనిచేసే తీరు నాకు చాలా ఇష్టమైన పాఠం. యూజెనాల్, సినియోల్, నిమ్మగడ్డిలోని సిట్రాల్, ఈ మూడిట్లోనూ ఆక్సిజన్ పరమాణువు ఉంది. దాని మీద బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలుంటాయి. ఇనుములో పూర్తిగా నిండని డి ఆర్బిటాళ్ళు, అంటే ఎలక్ట్రాన్లు వచ్చి చేరగల చోట్లు ఉంటాయి. ఆ జంట ఇటు వాలుతుంది, అణువు ఉపరితలానికి అతుక్కుంటుంది. యూజెనాల్‌కైతే బెంజీన్ వలయం కూడా ఉంది, కాబట్టి పలకలా పడుకుని ఎక్కువ చోటు కప్పగలదు. దీన్నే అధిశోషణం అంటాం. అణువుల దుప్పటి కప్పుకున్న చోట యాసిడ్‌కు ఇనుము అందదు. ద్రవంలో మునిగి ఉంది కాబట్టి గాలికి ఆరిపోయే గొడవ తక్కువ.

కాలేజీ ల్యాబ్‌లో ఇప్పుడున్న మేడం కూడా నా విద్యార్థే. మిల్లీగ్రాము దాకా చూపే బ్యాలెన్స్ వాడుకోనిచ్చింది. టైట్రేషన్ చేసి, అంటే బలం కొలిచి, యాసిడ్‌ను ఒక మోలార్ గాఢతకు తెచ్చాను. తైలం నీళ్ళలో కలవదు, పైన తేలుతుంది. అందుకని 0.4 మిల్లీలీటర్ల తైలాన్ని ముందు కొంచెం స్పిరిట్‌లో కలిపి, తర్వాత 200 మిల్లీలీటర్ల యాసిడ్‌లో పోశాను. తైలం లేని బీకరులోనూ అంతే స్పిరిట్ పోశాను, లేకపోతే ఆ పనితనం స్పిరిట్‌దో తైలానిదో ఎలా తెలుస్తుంది? ముక్కలు తూచి, ఆరు గంటలు ముంచి, కడిగి ఆరబెట్టి మళ్ళీ తూచాను.

ఒట్టి యాసిడ్‌లో ముక్క 141 మిల్లీగ్రాములు కోల్పోయింది. ఈ సీసాలోని మిశ్రమం వేసిన బీకరులో 62. నీలగిరి తైలం మాత్రమే వేసినదాంట్లో 79. లవంగ నూనె మాత్రమే వేసినదాంట్లో 38. తగ్గిన నష్టాన్ని మొదటి నష్టంతో భాగిస్తే సీసాది 56 శాతం, నీలగిరిది 44, లవంగానిది 73. ఒక్క రోజు, ఒక్క రేకుతో చేసిన లెక్క ఇది. వేరే ఉక్కుకు, వేరే బ్యాచ్ తైలానికి అంకెలు మారతాయి. వరస మాత్రం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

లేత్ షాపు అబ్బాయి పక్కనే ఉన్నాడు. తూకం దాకా వాడు ఆగలేదు. ఒట్టి బీకరులో బుడగలు పొంగుతుంటే, లవంగం బీకరులో ముక్కకు నాలుగైదు చిన్న బుడగలు అంటుకుని ఉన్నాయంతే. "మేడం, దీంట్లో పొంగే లేదు!" అన్నాడు. 31 ఏళ్ళలో ఎన్నో క్లాసులు చెప్పాను గానీ వాడి ముఖంలో అప్పుడు కనిపించిన వెలుగు నాకు అరుదుగా దొరికింది.

ఒక హెచ్చరిక. వేడి పెరిగితే ఈ రక్షణ సడలుతుంది. 50 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే ఒట్టి యాసిడ్‌లో 270 మిల్లీగ్రాములు పోయింది, సీసా మిశ్రమంతో 170. అంటే రక్షణ 37 శాతానికి పడిపోయింది. ఇనుమును బలహీనంగా పట్టుకున్న అణువులు వేడికి వదిలేస్తాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో బయట పెట్టిన యాసిడ్ తొట్టి బాగా కాగుతుంది. తొట్టిని నీడలో పెట్టుకోవాలి, పొద్దున్నే పని ముగించుకోవాలి. గాలి ఆడే చోటు ఉండాలి, దగ్గర్లో వెల్డింగ్ నిప్పురవ్వ ఉండకూడదు. వచ్చేది హైడ్రోజన్, పైగా తైలం ఆవిరికి కూడా నిప్పంటుకుంటుంది. తీసిన ఇనుమును నీళ్ళతో, తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి వెంటనే ఆరబెట్టండి. తడిగా వదిలితే అరగంటలో పసుపుపచ్చ తుప్పు తేలుతుంది.

సీసా గురించి ఇంకో రెండు మాటలున్నాయి. డ్రాపర్ రబ్బరు నెలన్నరకే ఉబ్బి జిగటగా మారింది. ఈ తైలాలు రబ్బరును, కొన్ని ప్లాస్టిక్‌లను పాడుచేస్తాయని తయారీదారులకు తెలిసి ఉండాలి. కొమ్మల కత్తెర పిడి మీద పడ్డ చుక్క కూడా మచ్చ చేసింది. పిల్లలు తిప్పలేని మూత లేకపోవడం అంతకంటే పెద్ద లోపం. నీలగిరి తైలం కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు ప్రాణాపాయం. లవంగ నూనె నేరుగా పడితే చర్మం మండుతుంది. రసాయనాలు లేవన్న మాట ఇక్కడే ప్రమాదం. యూజెనాల్ రసాయనమే, నీళ్ళూ రసాయనమే. మొక్కలోంచి వచ్చిందని జాగ్రత్త వదిలేస్తే ఎలా?

ఫోన్‌లో ఇవన్నీ చెప్పినప్పుడు అవతలి అబ్బాయి ఎదురు మాట్లాడలేదు. నా అంకెలు పంపమన్నాడు, పంపాను. మూడు తైలాలు ఏ పాళ్ళలో కలుపుతారని అడిగితే నీలగిరి ఎక్కువ, అది చవక అన్నాడు. అదే తిరగేయమన్నాను. లవంగం పాలు పెంచండి, యాసిడ్‌లో కలపడానికని కాగితం మీద స్పష్టంగా రాయండి, లీటరుకు ఎంతో కొలత ఇవ్వండి, ఏడాది మాట తీసేయండి, గట్టి మూత పెట్టండి అన్నాను. తర్వాతి బ్యాచ్ పంపుతామన్నారు. వస్తే మళ్ళీ తూస్తాను.

ఇప్పటికి నా లెక్క: పనిముట్లకు పూసుకోవడానికైతే అయిదుకు ఒకటి, యాసిడ్ తొట్టికైతే అయిదుకు మూడున్నర. రూ. 420 పెట్టి కత్తులకు మాత్రం కొనకండి. తోట షెడ్డులో ఇప్పుడు పాత ఇంజన్ ఆయిల్ డబ్బా లేదు. దాని మేకుకు ఆముదం, లవంగ నూనె కలిపిన చిన్న డబ్బా, ఒక బట్ట వేలాడుతున్నాయి. సొన పడ్డ కత్తిని ముందు సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, తర్వాతే పూయాలని పెద్దాయనకు చెప్పాను. తినేవి కోసేముందు మళ్ళీ సబ్బుతో కడగాలి. అంటు కట్టే కత్తికి పని మొదలయ్యే ముందు స్పిరిట్ తుడుపు తప్పనిసరి, కోతమీద నూనె ఉంటే అంటు సరిగా అతుక్కోదు.

సీసాలో సగం మిగిలితే లేత్ షాపుకు తీసుకెళ్ళి ఇచ్చాను. వాడు మూత తీసి వాసన చూసి, పక్కన పెట్టి, "మేడం, ఆ లవంగం ఒక్కటే ఉన్నది ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. గాంధీ రోడ్డులో అదే కొట్టు పేరు చెప్పాను.